ఆపరేషన్ కాదు, ఆ తర్వాత నెలలే అసలు వైద్యం

మా చిట్టి బోర్డర్ కోలీ జాతి కుక్క. మేముండేది టెక్సస్‌లో, చిట్టి అజిలిటీ ఆడుతుంది, అంటే అడ్డకర్రలు దూకడం, సొరంగాల్లో దూరి బయటికి రావడం, వరసగా నిలబెట్టిన 12 కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరిగెత్తడం, ఎంత తక్కువ టైమ్‌లో తప్పుల్లేకుండా చేస్తే అంత మంచి ఫలితం. కిందటేడు దానికి ఎడమ వెనక మోకాల్లో లిగమెంట్, అంటే రెండు ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ, తెగింది. ఇలాంటి కుక్క ఇంట్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

కుంటడం చివర్లో వచ్చింది. ముందు కనపడినవి చాలా చిన్నవి. ఎప్పుడూ తగలని అడ్డకర్ర వెనక కాలికి తగిలి పడేది, ఎడమవైపు మలుపు మరీ వెడల్పుగా తీసుకునేది, కూర్చునేటప్పుడు ఆ కాలు మడవకుండా పక్కకి చాపేది. మొదట చూసిన డాక్టర్ కండరం పట్టేసిందని నొప్పి మందిచ్చి రెస్ట్ అన్నారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. తర్వాత ఎముకల స్పెషలిస్టు మోకాలు పట్టుకుని కింది ఎముకని ముందుకి లాగి చూశారు, అది జారింది. క్రికెటర్లకి మైదానంలో ఒక్క దెబ్బకి తెగినట్టు కాదట, కుక్కల్లో ఎక్కువసార్లు ఆ లిగమెంట్ నెలల తరబడి పోగు పోగుగా అరిగిపోయి ఒక రోజు మామూలు పరుగులోనే తెగుతుంది.

చేసింది టీపీఎల్ఓ అనే ఆపరేషన్, బార్క్లే స్లోకమ్ అనే అమెరికన్ పశువైద్యుడు రూపొందించిన పద్ధతి. కుక్క కాలి కింది ఎముక పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది, అది సుమారు 25 డిగ్రీల వాలు, లిగమెంట్ లేకపోతే అడుగేసిన ప్రతిసారీ పై ఎముక ఆ వాలులో జారుతుంది. అందుకని ఎముకని గుండ్రంగా కోసి, తిప్పి, వాలుని దాదాపు 5 డిగ్రీలకి తెచ్చి ప్లేటూ స్క్రూలూ బిగిస్తారు. తెగిన లిగమెంట్‌ని మళ్ళీ కట్టరు, అది లేకపోయినా మోకాలు నిలబడేలా చేస్తారు.

అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. తనకీ మోకీలు మార్చారు. చిట్టిని క్రేట్‌లో, అంటే కుక్కల బోనులో, చూసి, "నాకు ఆపరేషనైన మర్నాడే వాకరు పట్టించి నడిపించారు గదే, దీన్నేంటి ఇట్లా మూసేశావు?" అని ఒకటే గొడవ. చిట్టినీ నడిపిస్తున్నామమ్మా, కాకపోతే లీష్ మీద, చాలా నెమ్మదిగా, కాసేపే అని చెప్పాను. కోసిన ఎముక అతుక్కోవడానికి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, ఈలోపు ఒక్క గెంతు గెంతినా ఆ భారమంతా ప్లేటు మీద పడుతుంది. నెమ్మదిగా ఎందుకంటే, వేగం పెరిగితే కుక్క మూడు కాళ్ళ మీదే వెళ్ళిపోతుంది, నింపాదిగా నడిపిస్తేనే నాలుగోది నేలకి ఆనిస్తుంది.

కుట్లు మానేసరికి ఆ తొడ ఎంత చిక్కిపోయిందో చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. రిహాబ్ థెరపిస్టు, అంటే ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు చేయించే ఆవిడ, టేపుతో రెండు తొడలూ కొలిచి చూపించింది గానీ, కొలత అక్కర్లేదు, చెయ్యి వేస్తేనే ఎముక తగిలేది.

ఆ రిహాబ్‌లో నీళ్ళ ట్రెడ్‌మిల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అద్దాల తొట్టిలో కుక్కని నిలబెట్టి, గోరువెచ్చటి నీళ్ళు కింద నుంచి మెల్లగా నింపి, అప్పుడు బెల్టు తిప్పుతారు. తుంటి దాకా నీళ్ళుంటే కాళ్ళ మీద బరువు దాదాపు 38 శాతానికి తగ్గుతుందని కొలిచి చూశారు, మోకాలి దాకానే అయితే 85 శాతం ఉంటుంది. బెల్టు కదలగానే చిట్టి చెవులు వెనక్కి పెట్టేసి నా మొహం కేసే చూసింది. నేను ఎదురుగా పీనట్ బటర్ రాసిన చెంచా పట్టుకుని కూర్చున్నా (జైలిటాల్ లేనిదే వాడాలి, అది కుక్కలకి విషం). మొదటి నాలుగడుగులూ ఆ కాలు పైకే పట్టుకుంది. తర్వాత పంజా వేళ్ళు విచ్చుకుని బెల్టు మీద పూర్తిగా ఆనింది, మళ్ళీ ఆనింది. అద్దంలోంచి అది చూసి నేను ఏడ్చేశాను.

ఇంట్లో వ్యాయామాలు అమ్మ చేతిలోకి వెళ్ళిపోయాయి. కాలు పక్కకి జారకుండా చిట్టిని గోడవారగా కూర్చోబెట్టి లేపడం, ముందు కాళ్ళు చిన్న పీట మీద పెట్టించి బరువు వెనక్కి పడేలా నిలబెట్టడం, నేల మీద పరిచిన కర్రలు దాటిస్తూ నడిపించడం, వెనక్కి నడిపించడం. "లెగవే తల్లీ, ఇంకొక్కసారి, మా అమ్మే" అంటూ చికెన్ ముక్క చూపించేది. ఆ ముక్కల లెక్క అన్నంలో తగ్గించేది కూడా, బరువు పెరిగితే మోకాలికి చేటని నేను చెప్పక ముందే తనకి తెలుసు.

పెరట్లో రోజూ బంతి విసిరితే కుక్క ఫిట్‌గా ఉంటుందని చాలామంది అనుకుంటారు. దీన్ని నేను గట్టిగా కాదంటాను. బంతి కోసం పరుగంటే అదే పనిగా దూసుకెళ్ళి సడెన్‌గా ఆగి మెలితిరగడం, కీలుకి దెబ్బే తప్ప వెనక కాళ్ళకీ నడుముకీ సరైన బలం రాదు. ఆ బలం ఇలాంటి నెమ్మది పనులతోనే వస్తుంది, గాయం లేని ఆట కుక్కకి కూడా ఇవి చేయించాలి.

ఎక్స్‌రేలో ఎముక అతుక్కున్నాక గుట్టల మీద నడక, ఆ తర్వాత చిన్న పరుగులు, తొడలు రెండూ దాదాపు సమానమయ్యాకే నేల మీద ఆనించిన కర్రలతో మళ్ళీ అజిలిటీ. ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) పోటీల్లో చిట్టి ఎత్తుకి 20 అంగుళాలు దూకాలి, ఇప్పుడు కర్ర తక్కువ ఎత్తులో ఉండే ప్రిఫర్డ్ క్లాసులో 16 దూకిస్తున్నాను. రింగులోకి వెళ్ళే ముందు కాసేపు నడక, చిన్న దౌడు, రెండువైపులా గుండ్రంగా తిప్పడం తప్పనిసరి. ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగం వాటికి రెండోదీ పోతుందంటారు, అందుకే థెరపిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా కుడి కాలే ముందు చూడమంటున్నాను. 20కి మళ్ళీ పెంచే ఆలోచన నాకు లేదు. అమ్మ మాత్రం తెనాలి నుంచి వీడియో కాల్ చేసి, గోడవార వ్యాయామం అయిందా లేదా అని ముందు చిట్టి సంగతి అడిగాకే నా సంగతి అడుగుతుంది.