నాన్న టికెట్ విడిగా తీయాలి

డబ్బా మీద మెదడు బొమ్మ, దాని కింద బంగారు రంగు అక్షరాలు. అరవై క్యాప్సూళ్లు, 1,849 రూపాయలు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు రోజు నాన్న జ్ఞాపకశక్తికని మా వీధి చివర మందుల షాపులో కొన్నాను. టికెట్ల మీద మిగిల్చిన డబ్బులు చేతిలో ఉన్నాయి కాబట్టి అంత ఖరీదు పెట్టడానికి వెనకాడలేదు.

ఆ డబ్బులు ఎలా మిగిలాయో ముందు చెబుతాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఉండేది హైదరాబాద్ చందానగర్‌లో. అంతకుముందు ఏడాది సంక్రాంతికి డిసెంబర్ ఆఖరిదాకా ఊరుకుని, చివరికి ప్రైవేటు బస్సులో మనిషికి 2,400 పెట్టి నలుగురం వెళ్లాం. వెళ్లడానికే 9,600. పండక్కి అమ్మ చేతిలో పెడదామని దాచుకున్నది బస్సుకే పోయింది. అమ్మ ఏమీ అనలేదు గానీ నాకు ఆ మూడు రోజులూ మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఈసారి దసరా వెళ్లగానే క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాను. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. ప్రయాణం రోజును లెక్కలో వేసుకోకూడదు. అంటే జనవరి 10 బండికి నవంబర్ 11 ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. భోగి ముందు రోజు బండికైతే ఊరంతా ఎగబడుతుంది. రెండు రోజులు సెలవు ఎక్కువ పెట్టి పదో తారీఖునే బయల్దేరదామని నేనే పట్టుబట్టాను. మా ఆయన ఆఫీసులో ఒప్పించుకోవడానికి వారం పట్టింది.

బుకింగ్ మొదలైన తొలి సమయం ఆధార్‌తో వెరిఫై చేసుకున్న ఐఆర్‌సీటీసీ అకౌంట్లకే అని 2025 అక్టోబర్‌లో కొత్త రూల్ పెట్టారు. ఆ పని వారం ముందే చేసి పెట్టుకున్నాను. నలుగురి పేర్లూ, వయసులూ ఆ అకౌంట్‌లోని మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించాను. వాలెట్‌లో డబ్బు వేసి ఉంచాను. ఎనిమిదింటికి బుకింగ్ తెరిచాక పేర్లు టైప్ చేస్తూ కూర్చుంటే, ఓటీపీ కోసం ఎదురుచూస్తే ఆ రెండు నిమిషాల్లోనే బెర్తులు అయిపోతాయి.

భీమవరం మీదుగా నేరుగా వెళ్లే బండి జోలికి పోలేదు. మా వైపు వాళ్లందరి కన్నూ దాని మీదే. గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి తాడేపల్లిగూడెం దాకా తీశాను. అది లింగంపల్లిలోనే బయల్దేరుతుంది, మాకు దగ్గర. ఇంకో లాభం కూడా ఉంది. బండి బయల్దేరే స్టేషన్ నుంచి తీస్తే వెయిటింగ్ వచ్చినా చాలాసార్లు అది జనరల్ వెయిటింగ్ లిస్టే. మధ్య స్టేషన్ల కోటాలో వచ్చే వెయిటింగ్ అంత తొందరగా కదలదు. మీరు సికింద్రాబాద్ దగ్గర ఉన్నా లింగంపల్లి నుంచే తీసి, ఎక్కే స్టేషన్ సికింద్రాబాద్ అని మార్చుకోవచ్చు. మా బాబుకు ఆరేళ్లు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు అక్కర్లేదంటే సగం చార్జీ. వాడు నా పక్కనే పడుకుంటాడు కాబట్టి బెర్తు తీసుకోలేదు. స్లీపర్‌లో మొత్తం పన్నెండు వందల లోపే అయింది. తత్కాల్ మాత్రం నేను చివరిదాకా నమ్ముకోను. అదనపు చార్జీ ఒకటి, కన్ఫర్మ్ అయ్యాక రద్దు చేసుకుంటే రూపాయి తిరిగి రాకపోవడం ఇంకొకటి.

తాడేపల్లిగూడెంలో తెల్లవారకముందే దిగి, బస్టాండులో టీ తాగి, భీమవరం పల్లెవెలుగు ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణ పథకం స్త్రీ శక్తి ఉంది కదా, నాకూ పాపకూ సున్నా టికెట్. ఆంధ్ర అడ్రసున్న ఆధార్ దగ్గర పెట్టుకోవాలి. ఆయనకూ బాబుకూ మాత్రం డబ్బులిచ్చాం. కిటికీ పక్కన చెరువుల మీద మంచు, గట్ల మీద కొబ్బరి చెట్లు. పాప ఆ దారంతా నిద్రపోకుండా చూస్తూనే కూర్చుంది.

ఇక నాన్న సంగతి.

నాన్న సొసైటీలో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేశారు. పుస్తకం తెరవకుండానే ఫలానా రైతు ఖాతా నంబర్ ఎంతో, బాకీ ఎంతో చెప్పేసేవారు. ఊళ్లో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. అలాంటి మనిషి అక్టోబర్‌లో కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నవంబర్‌లో పాలవాడికి ఇచ్చిన డబ్బు మళ్లీ ఇచ్చారు. పైగా ఆ టైములోనే ఫోన్ నిండా జ్ఞాపకశక్తి క్యాప్సూళ్ల ప్రకటనలు. టెన్షన్‌తో ఆ డబ్బా కొన్నాను.

ఊళ్లో దిగిన రోజు సాయంత్రం అరిసెలకని అమ్మ బెల్లం తెమ్మంది. నాన్న సంచీ పట్టుకుని వెళ్లి ఉప్పు ప్యాకెట్లు రెండు తెచ్చారు. "నాన్నా, అమ్మ బెల్లం కదా తెమ్మంది" అన్నాను. "ఉప్పే అంది కదే అమ్మలూ" అన్నారు. అమ్మ వైపు చూశారు, సంచీ వైపు చూశారు. తర్వాత చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చుని అరికాలు నొక్కుకుంటూ ఉండిపోయారు. ఏమైందంటే "తిమ్మిరే, ఎప్పుడూ ఉండేదే" అన్నారు. ఆ మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మర్నాడు ఉదయమే భీమవరం తీసుకెళ్లాం. డాక్టర్ గారు ముందు మందుల సంచీ అడిగారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ పదకొండేళ్లుగా వేసుకుంటున్నారు. నాలుగేళ్ల కింద స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్ర కూడా రోజూ ఉంది. తర్వాత "ఏం తింటారు?" అని అడిగారు. కాశీ వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో వదిలి రావాలంటారు కదా. నాన్న ఎనిమిదేళ్ల కింద అక్కడ చేపలు వదిలేశారు. భీమవరం మనిషికి అంతకంటే ఇష్టమైనది ఇంకేముంటుంది? చేపలతో పాటే మాంసం, గుడ్లు కూడా మానేశారు. షుగరని పాలు ముట్టరు. ఆ ఇంట్లోనే పెరిగిన నేను ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏనాడూ చూడలేదు.

నా హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బా తీసి ఇచ్చాను. ఆయన వెనక్కి తిప్పి, కళ్లజోడు పైకి జరిపి, చిన్న అక్షరాలు చదివారు. వేలు జింకో అన్న దగ్గర ఆగింది. అది ఒక చెట్టు ఆకుల నుంచి తీసే పదార్థం. "ఇది, ఆయన వేసుకునే ఆ మాత్ర కలిస్తే రక్తస్రావం కావచ్చు. ఇవ్వకండి" అన్నారు. నా గుండె జారిపోయింది. నాన్నకు రెండు పూటలు వేసి చూద్దామనుకున్న దాన్ని నేనే.

రక్తం తీసుకున్నారు. బీ12, థైరాయిడ్, మూడు నెలల షుగర్, హిమోగ్లోబిన్. బీ12 రిపోర్టు 118 అని వచ్చింది. 200 కంటే తగ్గితే లోటు కిందే లెక్క. ఈ విటమిన్ చేపలు, మాంసం, గుడ్లు, పాలలో ఉంటుంది గానీ కూరగాయల్లో, పప్పుల్లో ఉండదు. దానికి తోడు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంటికి పట్టడమూ తగ్గుతుంది. మతిమరుపు, కాళ్ల తిమ్మిరి రెండూ ఈ లోటు వల్ల రావచ్చట. ఇంజెక్షన్లు రాశారు. పది ఇంజెక్షన్లకూ కలిపి ఆ డబ్బా ఖరీదులో సగం కాలేదు.

హైదరాబాద్ వచ్చాక జింకో గురించి కూర్చుని చదివాను. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందితో పెద్ద పరిశోధన చేసి 2008లో ఫలితాలు వెల్లడించారు. సగం మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల జింకో, మిగతా వాళ్లకు మందేమీ లేని ఉత్త మాత్ర. ఆరేళ్లు గమనించినా డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, రావడంలో తేడా కనిపించలేదు. మనం ఇంట్లో చెప్పుకునే సరస్వతి ఆకు, బ్రాహ్మి సంగతి కూడా చూశాను. అవి రెండు వేర్వేరు మొక్కలు, రెండింటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు. నీటి బ్రాహ్మి మీద చిన్న చిన్న పరిశోధనల్లో పన్నెండు వారాలు వాడాక జ్ఞాపకశక్తి కొంచెం మెరుగైందని తేలింది. అమ్మ పెరట్లో సరస్వతి ఆకు ఉంది, పచ్చడి చేస్తుంది, చేసుకోనీ. కానీ ఇంట్లో పెద్దవాళ్లు మాటలు మర్చిపోతుంటే షాపుకు వెళ్లకండి. ముందు రక్తం చూపించండి. డబ్బా తెచ్చే ఉంటే వెనక్కి తిప్పి చూడండి, మందుగా వాడడానికి కాదని చాలా వాటి మీదే రాసి ఉంటుంది.

ఇప్పటికి ఎనిమిది ఇంజెక్షన్లయ్యాయి. తిమ్మిరి తగ్గిందని నాన్న చెబుతున్నారు. మతిమరుపు ఎంతవరకు తగ్గుతుందో మూడు నెలలయ్యాక చూద్దామన్నారు డాక్టర్ గారు. అప్పటికీ తేడా లేకపోతే నరాల డాక్టర్‌కి చూపించమన్నారు. అందుకే వేసవిలో ఇద్దరినీ ఇక్కడికి తీసుకొస్తున్నాను.

రైళ్లలో పెద్దవాళ్లకు ఉన్న రాయితీ 2020 మార్చిలో తీసేశారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండాలి, టికెట్ మీద వాళ్లు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. మన పేర్లతో కలిపి తీస్తే ఆ కోటా వర్తించదు. స్టెంట్ వేసిన మనిషిని పై బెర్తు ఎక్కించలేను కదా. కాబట్టి అమ్మా నాన్నలకు ఒక టికెట్, వాళ్లను తీసుకురావడానికి వెళ్లే నాకు ఇంకో టికెట్. స్టేషన్ దాకా బస్సులో అమ్మకు చార్జీ ఉండదు, నాన్నకు ఆర్టీసీలో 25 శాతం తగ్గుతుంది.

నిన్న ఫోన్‌లో తారీఖు చెబితే, అరవై రోజులు ఎప్పటికవుతాయో నాన్నే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. నేను క్యాలెండర్ చూసి సరిపోల్చుకున్నాను. సరిగ్గానే ఉంది. ఆ రోజు పొద్దున్న 7:50కి అలారం పెట్టాను.