తెల్లసొన ప్రోటీన్, టెరాహెర్ట్జ్ కిరణం, వరంగల్ వానాకాలం

టెరాహెర్ట్జ్ స్పెక్ట్రోస్కోపీతో, అంటే టెరాహెర్ట్జ్ తరంగాలను పదార్థం గుండా పంపి అది వేటిని ఎంత పీల్చుకుంటుందో చూసే పద్ధతితో, ప్రోటీన్లను పరిశీలించడం మొదలుపెట్టాక, వరంగల్ వానాకాలాన్ని నేను చూసే తీరే మారిపోయింది. మైక్రోవేవ్‌లకూ పరారుణ కిరణాలకూ నడుమ ఉండే ఈ తరంగాలను నీరు విపరీతంగా పీల్చుకుంటుంది. గాలిలోని తేమ సైతం 0.557, 1.097 టెరాహెర్ట్జ్ వంటి చోట్ల తన గీతలను వర్ణపటంపై దించుతుంది కాబట్టి, పరికరం పెట్టెలోకి పొడి నైట్రోజన్ పంపి, తేమ మీటరులో అంకె దిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ముందుగా పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ మోనోహైడ్రేట్‌ను పాలిథిన్ పొడితో కలిపి నూరి, ప్రెస్‌లో నాణెమంత బిళ్లగా నొక్కి పెట్టాను. 0.53 టెరాహెర్ట్జ్ దగ్గర అది కిరణాన్ని బాగా పీల్చుకున్నట్టు గీతలో శిఖరం నిటారుగా లేచింది. అదే పద్ధతిలో కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ప్రోటీన్‌ను పెడితే, శిఖరమన్నదే లేకుండా గీత మెల్లగా ఎగబాకుతూ పోయింది. లాక్టోజ్ వంటి స్ఫటికంలో అణువులు క్రమంగా అమరి ఉంటాయి, కదలికలు విడివిడిగా తెలుస్తాయి. ప్రోటీన్‌లోనైతే వెయ్యికి పైగా పరమాణువుల మెలికలు, ఊగిసలాటలు ఒకదానిపై ఒకటి పడి కలిసిపోతాయి.

అందుకే ఈ పద్ధతిని ప్రోటీన్ల వేలిముద్రగా ప్రచారం చేయడం నాకు అంతగా నచ్చదు. దీని అసలు బలం ప్రోటీన్ చుట్టూ చేరిన నీటిని చూపడంలో ఉంది. ఆ నీటి అణువుల కదలికపై ప్రోటీన్ ప్రభావం అంతకుముందు అనుకున్నదానికంటే ఎక్కువ దూరం పాకుతుందని జర్మనీలోని బోహుమ్ పరిశోధకులు 2007లో చూపారు. ఆ నీటిని చూడాలంటే ఇక నేను పొడి బిళ్లలను కాక, నీటిలో కరిగించిన ప్రోటీన్ ద్రావణాలను కొలవాలి. నీరు కిరణాన్ని మింగేయకుండా పొరను సుమారు వంద మైక్రాన్ల మందంలోనే ఉంచాలి కాబట్టి, ప్రస్తుతం క్వార్ట్జ్ పలకల మధ్య అంత సన్నని సందు అమర్చే పనిలో ఉన్నాను.