ఫిట్స్ రాకముందే మందు

ఏడో నెల స్కానింగ్‌లో పాప గుండెలో మూడు గడ్డలు కనిపించాయి. "ఇవి చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయమ్మా. మనం కనిపెట్టుకోవాల్సింది మెదడుని" అన్నారు డాక్టరుగారు. పుట్టాక చేసిన ఎంఆర్‌ఐ, జన్యుపరీక్షల్లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అని తేలింది. మెదడు, గుండె లాంటి చోట్ల క్యాన్సర్ కాని గడ్డలు పెరిగే, ఫిట్స్ తెచ్చిపెట్టే జన్యుజబ్బు. పేరు విని మా అత్తయ్య టీబీ అనుకుని హడలిపోయారు. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. టీఎస్‌సీ2 అనే జన్యువులో మార్పు. మా ఇద్దరిలో లేదు, పాపలోనే కొత్తగా వచ్చింది.

అప్పటినుంచి నెలనెలా ఈఈజీ, మెదడులోని కరెంటు తరంగాలు చూసే పరీక్ష. నెత్తినిండా వైర్లు అంటించేవాళ్లు. ఆ జిగురు రెండు తలస్నానాలకి గానీ వదిలేది కాదు. మూడో నెలలో రిపోర్టు మారింది, ఫిట్స్ రాకముందే వాటి సూచనలు అందులో కనిపించాయి. పాప మాత్రం బోసినవ్వులు నవ్వుతూనే ఉంది.

విగాబాట్రిన్ అనే ఫిట్స్ మందు ఇప్పుడే మొదలుపెడదామన్నారు. దానివల్ల పక్కలవైపు కనిపించే చూపు తగ్గొచ్చు, తగ్గితే తిరిగి రాదు. ఏ జబ్బూ కనిపించని పిల్లకి అలాంటి మందా? డాక్టరుగారు దాచకుండా చెప్పారు: 2021లో వచ్చిన ఎపిస్టాప్ అధ్యయనంలో ముందే మందు వాడిన పిల్లలకి మూర్ఛ ఆలస్యంగా మొదలైంది. 2023 నాటి ప్రివెంట్ అనే ఇంకో అధ్యయనంలో ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్, అంటే పసిపిల్లలకి ఉలిక్కిపడ్డట్టు ఒళ్లు బిగుసుకునే ఫిట్స్, తగ్గాయి గానీ, రెండేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనబడలేదు. రెండు రాత్రులు నిద్రలేదు. ఆ స్పాజమ్స్ తప్పినా చాలనుకుని సరేనన్నాం.

పొడి నీళ్లలో కలిపి, సిరంజితో బుగ్గలోకి పొయ్యాలి, రోజుకి రెండుసార్లు. ఉమ్మేస్తే ఎంత లోపలికెళ్లిందో తెలియక టెన్షన్. ఉలిక్కిపడిన ప్రతిసారీ ఫోన్‌లో వీడియో తీసి పంపేదాన్ని. స్పాజమ్స్ అయితే ఒకదాని వెంట ఒకటి వరసగా వస్తాయని ఆయన ఎన్నిసార్లు చెప్పారో!

స్పాజమ్స్ రాలేదు. పద్నాలుగో నెలలో ఒకరోజు ఎడమచెయ్యి కొట్టుకుంది, నిమిషం పాటు. మందు వేస్తుండగానే ఫిట్స్ వచ్చిందేమిటని ఆ రాత్రి నేనూ మావారూ పోట్లాడుకున్నాం. ఇంకో మందు చేర్చారు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు మూడేళ్లు. విగాబాట్రిన్ మెల్లగా తగ్గించి ఆపేశారు. గుండెలో గడ్డల్లో ఒక్కటే మిగిలింది, అదీ చిన్నది. మాటలు ఆలస్యం, స్పీచ్ థెరపీ నడుస్తోంది. ముందే మందు వెయ్యకపోతే ఎలా ఉండేదో తెలుసుకునే దారి లేదు.

కళ్ల డాక్టరు బాగానే ఉందన్నా నా అనుమానం పోదు. చెవి వెనకనుంచి మెల్లగా బొమ్మని ముందుకి తెచ్చి, ఎప్పుడు చూస్తుందా అని కనిపెడుతుంటాను. మొన్న సగం దారిలోనే లాక్కుని పారిపోయింది.