నీలం చొక్కా, పడమటి ఎండ

"ఆ చొక్కా విప్పేసి రా, అప్పుడు లేచి నిలబడతాను" అని ఒక పేషెంటు నాతో అంటుందని ఫిజియోథెరపీ చదివే రోజుల్లో ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో ఒక రిహాబ్ క్లినిక్కులో పని నాది. అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ నడిచినన్నాళ్ళూ శుక్రవారాల్లో స్క్రబ్స్ మీద మా ఊరి జట్టు డాలస్ కౌబాయ్స్ జెర్సీ వేసుకోవచ్చు. అందరూ వేసుకుంటుంటే నేనొక్కదాన్నీ వేరుగా ఎందుకని ఒకటి కొన్నాను. ముదురు నీలం, డిస్కౌంటులో దొరికింది. మోకాలి మార్పిడి చేయించుకుని మా దగ్గరికొచ్చే ఎనభై దాటిన మామ్మగారు (ఇక్కడ పేరు పెట్టే పిలవాలి లెండి, మనసులో మాత్రం నాకు మామ్మగారే) నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "హనీ, ఆదివారం ఆట పెట్టుకుని నీలం వేసుకొచ్చావా?" అంది. ముఖాన నవ్వు లేదు.

పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్ర థెరపిస్టు ఊరుకోవచ్చుగా. "ఆవిడ చెప్పింది నిజమే, నీలం మనకి అచ్చిరాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది అక్కడే. నా కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన ఫొటో చూసి, "పాపం, నిమ్మకాయలు నిన్నేం చేశాయి?" అని వారం రోజులు కనిపించినప్పుడల్లా నవ్వినవాడు ఈ అబ్బాయే.

చొక్కా తీసేశాను. పేషెంటు నడవాలి కదా, అది నా ఉద్యోగం. కానీ ఆ రోజు నుంచీ ఈ నీలం సంగతేమిటో తేల్చుకోకుండా ఉండలేకపోయాను.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏ రంగు వేసుకోవాలో సొంత మైదానంలో ఆడే జట్టు ముందు ఎంచుకుంటుంది, వచ్చినవాళ్ళు దానికి భిన్నంగా వేసుకోవాలి. చాలా జట్లు సొంతగడ్డ మీద ముదురు రంగే వేసుకుంటాయి. కౌబాయ్స్ మాత్రం 1964 నుంచి ఇంట్లో తెలుపే. అప్పటి జనరల్ మేనేజరు టెక్స్ ష్రామ్ ఆలోచన అది. మనం తెలుపు వేసుకుంటే వచ్చే ప్రతి జట్టూ తన రంగు చొక్కాల్లో వస్తుంది, టికెట్టు కొన్న జనానికి వారానికో కొత్త రంగు కనిపిస్తుంది అని. ఇందులో శకునమూ లేదు, దోషమూ లేదు. శుద్ధ వ్యాపారం.

దోషం తర్వాత పుట్టింది. 1971 జనవరిలో కౌబాయ్స్ మొదటిసారి సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్ దాకా వెళ్ళారు. ఆ రోజు కాగితం మీద వాళ్ళదే హోమ్ టీమ్, అప్పటి నియమం ప్రకారం రంగు చొక్కా తప్పలేదు. నీలం వేసుకున్నారు. బాల్టిమోర్ కోల్ట్స్ చివరి సెకన్లలో బంతిని గోల్ కర్రల మధ్యనుంచి తన్నేసరికి (ఫీల్డ్ గోల్ అంటారు) 16–13తో ఓడిపోయారు. అంతే, నీలం అచ్చిరాదన్న మాట గట్టిపడిపోయింది. మామ్మగారు ఆ ఆట నిన్న చూసినట్టు చెబుతుంది.

నేను ఇంటికెళ్ళి ఆ ఆట గురించి వెతికి చదివాను. రెండు జట్లూ కలిసి 11 సార్లు బంతి పోగొట్టుకున్నాయి ఆ రోజు. అది చేతుల తప్పా, చొక్కా తప్పా? పైగా ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిపోయిన జట్టులోని చక్ హౌలీకి ఇచ్చారు. సూపర్ బౌల్ చరిత్రలో ఓడిన జట్టు నుంచి ఆ బహుమతి అందుకున్నది ఆయనొక్కడే. ఆయన ఒంటి మీదున్నదీ అదే నీలం చొక్కా. ఈ సంగతి చెబితే మామ్మగారు మోకాలు వంచుతూ, "ఆయన బాగా ఆడాడు కాబట్టి అంత తక్కువ తేడాతో పోయింది" అంది. మా ఊళ్ళో వాస్తు చెప్పే ఆయన కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడేవాడు. మంచి జరిగితే ఆయన చెప్పిన మార్పు వల్ల, చెడు జరిగితే అది ఇంకా పెద్దది కావలసింది ఇంతటితో పోయింది.

తమాషా ఏమిటంటే దీన్ని నమ్మేది కౌబాయ్స్ అభిమానులే కాదు, వాళ్ళ శత్రువులు కూడా. ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ జట్లు తమ మైదానంలో చాలాసార్లు కావాలనే తెలుపు వేసుకున్నాయి, కౌబాయ్స్ చచ్చినట్టు నీలం వేసుకోవాలని. కోట్ల డాలర్ల జీతాలు, కంప్యూటర్లలో ప్రతి అడుగునూ కొలిచే నిపుణులు ఉన్న లీగు ఇది. అక్కడ ఎదుటివాడికి నీలం తొడిగించాలని పథకం వేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సంప్రదాయం. నా నిమ్మకాయలేమో మూఢనమ్మకం.

మరి థాంక్స్‌గివింగ్ రోజు వేసుకోరా నీలం, అని ఒకసారి పట్టుకున్నాను. ఆ గురువారం కౌబాయ్స్‌కి ఏటా ఇంట్లోనే ఆట. 2022లో అరవైల నాటి పాత వేషం, నీలం చొక్కా, భుజాల మీద తెలుపు, తెల్ల హెల్మెట్‌తో ఆడి న్యూయార్క్ జెయింట్స్‌ని 28–20తో ఓడించారు కూడా. కుర్ర థెరపిస్టు కాసేపు ఆలోచించి, "అది పాత నీలం, లెక్కలోకి రాదు" అన్నాడు. మామ్మగారు ఇంకో అడుగు ముందుకేసి "అది పండగ" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పండగ నాడు వర్జ్యం చూడని ఇళ్ళు మనకీ ఉన్నాయి.

రంగుల మీద వీళ్ళ చర్చ మొదలైతే చూడాలి. తెల్ల జెర్సీ మీది అంకెల నీలం ఒకటి, నీలం జెర్సీ నీలం ఇంకొకటి. ఇంట్లో వేసుకునే ప్యాంటు వెండి రంగే కానీ ఆకుపచ్చ ఛాయ కొడుతుంది, హెల్మెట్ వెండి నీలం వైపు మొగ్గుతుంది. ఏదీ దేనికీ కలవదు. కలవదు కాబట్టే అందం అని ఒక వర్గం, ఇన్నేళ్ళయినా ఒక రంగు కుదుర్చుకోలేరా అని ఇంకో వర్గం. చీరకీ జాకెట్టుకీ మ్యాచింగ్ కోసం మంగళగిరి నుంచి గుంటూరు దాకా దుకాణాలన్నీ తిరిగే మా పిన్ని వీళ్ళ మధ్య కూర్చుంటే తేలిగ్గా నెగ్గుకొస్తుంది. ఇవన్నీ ఎంత పట్టింపు ఉన్నా, ఏ చొక్కా వేసుకున్నా 1996 జనవరి తర్వాత మళ్ళీ సూపర్ బౌల్ గడప తొక్కలేదు. ఆ మాట క్లినిక్కులో అనే ధైర్యం నాకు లేదు.

నేనెందుకింత ఉడుక్కుంటున్నానో నాకూ ఆశ్చర్యమే. ఇంట్లో వాస్తు మీద అందరికంటే ఎక్కువ గొడవపడింది నేనే. నరసరావుపేటలో మా ఇల్లు దక్షిణం ఫేసింగ్. నాకు ఇంటర్లో మార్కులు తగ్గాయని నాన్న వీధి గేటు మూయించి, తూర్పు సందులోకి కొత్త గేటు పెట్టించారు. ఆ సందులో స్కూటర్ తిరగదు. మూడిళ్ళు చుట్టి వచ్చేవాళ్ళం. ఆ గోల భరించలేకే ఇంత దూరం వచ్చేశానని అప్పుడప్పుడూ చెబుతుంటాను. అబద్ధమే అనుకోండి, వచ్చింది జీతానికి. ఇక్కడేం తక్కువ? డాలస్ శివారు ఫ్రిస్కోలో మనవాళ్ళు ఇల్లు చూడటానికి వెళితే బెడ్‌రూములు ఎన్ని అనే ముందు ఫేసింగ్ ఏది అంటారు. మేమూ అడిగాం. అడిగింది మా ఆయనే, కానీ నేనూ పక్కనే ఉన్నాను.

అందుకే 2024 నవంబరు 10న జరిగింది చూసి నాకు కలిగిన ఆనందం గురించి కాస్త విడమరిచి చెప్పాలి. ఆనందం అనకూడదు, మా ఊరి జట్టే ఓడింది.

కౌబాయ్స్ ఆడే ఏటీ అండ్ టీ స్టేడియం మా క్లినిక్కుకి దగ్గరే. 2009లో తెరిచారు, వంద కోట్ల డాలర్లకి పైనే ఖర్చయింది. మొదటి సీజన్ ఆటకి 1,05,121 మంది వచ్చారు. కప్పు తెరుచుకుంటుంది, రెండు చివర్లా నిలువెత్తు గాజు. చాలా మైదానాలు ఉత్తరం దక్షిణంగా ఉంటాయి. ఇది తూర్పు పడమరలుగా ఉంది. శీతాకాలం వస్తుంటే మధ్యాహ్నం మూడున్నర ఆటకి పడమటి గాజులోంచి ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. ఆ రోజు ఫిలడెల్ఫియాతో ఆట. బంతి అందుకునే సీడీ లాంబ్ ఎండ్ జోన్‌లో (బంతి పట్టుకుంటే పాయింట్లొచ్చే చివరి గడిలో) ఎవరూ అడ్డులేకుండా నిలబడ్డాడు, బంతి విసిరే కూపర్ రష్ బంతి వేశాడు, బంతి ఎండలో కలిసిపోయింది. అతనికి కనపడనే లేదు. 34–6తో ఓడారు. తెరలు వేస్తే బాగుండునా అని అడిగితే వెయ్యి శాతం అన్నాడు లాంబ్. యజమాని జెర్రీ జోన్స్ మాత్రం, అయితే స్టేడియం పడగొట్టి ఇంకోటి కట్టుకుందాం అన్నట్టు మాట్లాడాడు. ఎండ ఎక్కడ పడుతుందో అందరికీ తెలుసుగా, రెండు జట్లకీ ఒకటేగా అని ఆయన వాదన. క్వార్టర్‌కోసారి వైపులు మారతారు కాబట్టి లెక్క ప్రకారం అదీ నిజమే.

ఆ వారం వీడియో కాల్‌లో నాన్నకి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "నేపియర్ గుర్తుందా?" అన్నారు వెంటనే. 2019 జనవరి 23న న్యూజిలాండ్‌లో మన వన్డే అస్తమించే ఎండ బ్యాట్స్‌మన్ కళ్ళలో కొడుతోందని ఆగిపోయింది. వాన లేదు, మబ్బు లేదు, ఎండ ఎక్కువై ఆట ఆగడం ఏమిటని ఆ రోజు మా ఇంట్లో అందరం నవ్వాం. ఆ మైదానంలో పిచ్ తూర్పు పడమరలుగా ఉంటుంది. మామూలుగా పిచ్‌లు ఉత్తరం దక్షిణంగా వేసేది ఇందుకే. "దిక్కు చూసుకోకుండా కడితే అంతే మరి" అన్నారు నాన్న, గేటు గొడవలో చివరికి తనే గెలిచినట్టు. ఇది వాస్తు కాదు నాన్నా, సూర్యుడు ఏ మూల నుంచి వస్తాడనే లెక్క అన్నాను. "నేను చెప్పేదీ అదేగా" అన్నారు. కాదు, ఆయన చెప్పింది నా ఇంటర్ మార్కుల గురించి. కానీ దాదాపు తొమ్మిది వేల మైళ్ళ అవతల నుంచి ఆయన అంత సంబరపడుతుంటే వాదించబుద్ధి కాలేదు.

ఎండనీ చలినీ మామ్మగారు మాత్రం రంగంత తీవ్రంగా తీసుకోదు. ఆవిడ దృష్టిలో అవి ఆటలో భాగం. 1967 డిసెంబరు 31న ఉత్తరాన గ్రీన్ బే ఊళ్ళో అక్కడి జట్టుతో సున్నాకి పాతిక డిగ్రీల సెల్సియస్ కింద ఆడారట, ఐస్ బౌల్ అంటారు దాన్ని. నేల కింద వేసిన వేడి తీగలు పనిచెయ్యక గడ్డి రాయిలా గడ్డకట్టింది. రిఫరీల ఈలలు పెదాలకి అతుక్కుపోయాయి. కౌబాయ్స్ 21–17తో ఓడారు. దానికి ఎవరినీ నిందించదు ఆవిడ. తర్వాత అర్వింగ్‌లో కట్టిన పాత టెక్సస్ స్టేడియం కప్పుకి పెద్ద కన్నం ఉండేది. దేవుడు తన జట్టుని చూసుకోవడానికి అని ఇక్కడివాళ్ళు చెప్పుకునే మాట. 2010లో దాన్ని పేల్చి కూల్చారు. మనవాళ్ళు ఇప్పుడు కిటకిటలాడే అర్వింగ్ అదే. ఆ కన్నం గురించి చెప్పేటప్పుడు మామ్మగారి గొంతులో భక్తి ఉంటుంది. నేను పడీ పడీ నవ్వాల్సిన చోట నవ్వలేకపోయాను. మా ఊరి కోటప్పకొండ మీద కాకి వాలదని నేనూ అదే గొంతుతో చెబుతాను.

నా వృత్తి నాకు నేర్పిన భయం వేరు. అది చొక్కా మీద లేదు, కాళ్ళ కింద ఉంది. ఆర్లింగ్టన్‌లో మైదానం అసలు గడ్డి కాదు, ప్లాస్టిక్ టర్ఫ్. 2012 నుంచి 2018 దాకా లెక్కలు తీసి, ఎవరూ తగలకుండానే కాళ్ళకయ్యే గాయాల రేటు టర్ఫ్ మీద 28 శాతం ఎక్కువని ఆటగాళ్ళ సంఘం 2020లో బయటపెట్టింది. లీగు ఆ లెక్కని పూర్తిగా ఒప్పుకోలేదు. నేను మాత్రం రోజూ మోకాళ్ళు పట్టుకునేదాన్ని. గడ్డి మీద బూటు ముళ్ళు దిగబడ్డాక బలం ఎక్కువైతే మట్టి పెళ్ళతో సహా ఊడొస్తుంది. టర్ఫ్ ఊడదు, ఊడేది లోపలి లిగమెంటే. మా దగ్గరికి హైస్కూలు పిల్లలు వస్తారు ఆ దెబ్బలతో. నీలం చొక్కా వల్ల వచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

2026 ఫుట్‌బాల్ (మనకి తెలిసిన ఫుట్‌బాల్, ఇక్కడ సాకర్ అంటారు) ప్రపంచకప్‌లో ఈ స్టేడియానికి తొమ్మిది మ్యాచ్‌లు కేటాయించారు. అసలు గడ్డి ఉంటేనే ఆడిస్తామంది ఫిఫా. సరేనన్నారు. ఆ ఆటలకి గడ్డి పరవడం కుదురుతుంది, సొంత జట్టుకి మాత్రం కుదరదు. కచేరీలకి దించే తెరలు కూడా ఉన్నాయి, లాంబ్ అడిగితే మాత్రం లేవు. చుట్టాలొస్తే బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ పిల్లలకి చిరుగుల బొంత కప్పినట్టుంది అని మామ్మగారితో అన్నాను.

"మరి చుట్టాలకి మర్యాద చెయ్యొద్దా హనీ?" అంది.

ఆ మాట మా అమ్మ అన్నా ఇంతే అనేది. మోకాలు 105 డిగ్రీలు వంగింది, 120 రావాలి. ఇంకో పది సార్లు వంచమన్నాను.