డిస్క్ చాలదా అక్కా?

పొద్దున ల్యాబ్‌కు రాగానే, హెలికాప్టర్ చుట్టూ గాలి ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడానికి రాత్రి పెట్టిన రన్ చూశాను. కన్వర్జ్ అయింది, అంటే లెక్క స్థిరమైన జవాబుకు చేరింది. ఇందులో రోటర్, అంటే పైన తిరిగే బ్లేడ్ల చక్రం, ఒక పలుచటి డిస్క్ మాత్రమే. బ్లేడ్లు విడిగా ఉండవు, డిస్క్ దాటగానే గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుందని చెబుతామంతే. కింద రోబిన్ అనే నమూనా హెలికాప్టర్ బాడీ. నాసా లాంగ్లీ వాళ్లు విండ్ టన్నెల్‌లో పరీక్షించిన ఈ ఆకారం మొత్తం సమీకరణాల్లోనే ఉంటుంది. ఎవరైనా అచ్చం అదే గీసుకుని కొలతలతో పోల్చుకోవచ్చు. నా దృష్టిలో మా రంగానికి పెద్ద మేలు చేసిన పని అది.

"అక్కా, సగటు ప్రెషర్ కొలతలకు దగ్గరగానే ఉంది. మళ్లీ బ్లేడ్లు విడిగా ఎందుకు?" అని జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్న. బోర్డు మీద మన ధ్రువ్ హెలికాప్టర్ లెక్క వేశాం. 13.2 మీటర్ల రోటర్, 5500 కిలోల బరువు. గాల్లో నిలబడి ఉన్నప్పుడు రోటర్ దగ్గర గాలి సెకనుకు 12.7 మీటర్ల వేగంతో దిగుతుంది, కిందికి పోయేకొద్దీ దాదాపు రెట్టింపు, అంటే గంటకు 90 కిలోమీటర్లు! ఆ గాలి బాడీని ఎంత కిందికి నొక్కుతుందో చెప్పడానికి డిస్క్ చాలు.

సగటు ప్రవాహమే పెద్ద సమస్య తెచ్చిన సందర్భమూ ఉంది. 1974లో ఎగిరిన బ్లాక్ హాక్ హెలికాప్టర్ తొలి నమూనాకు తోక దగ్గరి అడ్డరెక్క కదలకుండా బిగించి ఉండేది. తక్కువ వేగంలో రోటర్ గాలి దాని మీద పడి తోక దిగేది, ముక్కు లేచేది. చివరికి ఆ రెక్కనే గాలి వాలుకు తగ్గట్టు తిరిగేలా మార్చారు.

కానీ సీట్లో కూర్చున్న పైలట్ ఒంటికి తెలిసే వణుకు సగటులో దొరకదు. బ్లేడ్లు విడిగా పెట్టిన రన్ తెరిచి తోక బూమ్ మీద ఒక బిందువు చూపించాను. డిస్క్ రన్‌లో అక్కడి ఒత్తిడి గీత తిన్నగా ఉంది, దీనికి మాత్రం ఒక్కో చుట్టుకు నాలుగు గూనులు. ప్రతి బ్లేడూ పైనుంచి పోతూ ఒక తోపు ఇస్తోంది. వాడి మొహం వెలిగింది, నాకూ చాలా సంతోషంగా అనిపించింది.

సాయంత్రమంతా బ్లేడు కొసల నుంచి రాలే సుడుల మీదే పని. మెష్, అంటే లెక్క కోసం గాలిని చిన్న చిన్న గడులుగా విడగొట్టే వల, ముతకగా ఉంటే అవి తోకను చేరకముందే కరిగిపోతాయి. అది గాలి స్వభావం కాదు, లెక్కలో వచ్చే అరుగుదల. అందుకే తోక చుట్టూ మెష్ సన్నం చేసి మళ్లీ రన్ పెట్టాను. రెండు రోజులు పట్టేలా ఉంది.