గింజ ఎంత నలిగిందో కూడా చూడాలి

మధుమేహం ఉన్నవారు ముడిధాన్యాలు తినడం మేలన్న సలహాలో తప్పు లేదు, కానీ దాన్ని ఎంతైనా తినవచ్చన్న అనుమతిగా తీసుకోవడంలోనే చిక్కు ఉంది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండి పదార్థాలు సుమారు 80 గ్రాములు ఉంటే, పాలిష్ చేయని బియ్యంలో సుమారు 76 గ్రాములు ఉంటాయి. తవుడు, మొలక భాగం మిగలడం వల్ల పీచు, మెగ్నీషియం, కొన్ని విటమిన్లు అదనంగా అందుతాయి గాని, పళ్లెంలోని పిండి పదార్థం మాత్రం పెద్దగా తగ్గదు.

మరి తేడా ఎక్కడ వస్తుంది? నా దృష్టిలో గింజకు పొట్టు ఉందా లేదా అన్నదానితో పాటు, ఆ గింజ ఎంత మెత్తగా నలిగిందన్నది కూడా అంతే ముఖ్యం. 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించిన, ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ సూచికలో గ్లూకోజ్‌కు 100 విలువ ఇచ్చి, 55 లేదా అంతకు తక్కువ వచ్చినవాటిని తక్కువ స్థాయిగానూ, 70 లేదా అంతకు మించినవాటిని ఎక్కువ స్థాయిగానూ లెక్కిస్తారు. 2008 నాటి అంతర్జాతీయ పట్టికలో తెల్ల గోధుమ రొట్టెకు సగటున 75 ఉంటే, ముడి గోధుమ రొట్టెకు 74 ఉంది. అదే పట్టికలో బార్లీకి 28 మాత్రమే. ఓట్స్ గంజికి 55 ఉండగా, క్షణాల్లో తయారయ్యే ఇన్‌స్టంట్ ఓట్స్ గంజికి 79 వచ్చింది, ధాన్యం ఒకటే అయినప్పటికీ. గింజ మెత్తని పిండిగా మారినా, ముందే ఉడికించి పలుచగా అణచినా, జీర్ణరసాలు పిండి కణాలను సులభంగా చేరుకుంటాయి కాబట్టి గ్లూకోజ్ రక్తంలోకి వేగంగా చేరుతుంది. ఓట్స్, బార్లీలలో ఉండే బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు మాత్రం కడుపులో చిక్కబడి ఆ వేగాన్ని తగ్గిస్తుంది.

అయితే ఈ సూచికను గుడ్డిగా నమ్మడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది వేగాన్నే చెబుతుంది తప్ప మనం తిన్న పరిమాణాన్ని చెప్పదు. తక్కువ సూచిక ఉన్న ధాన్యాన్ని రెట్టింపు తింటే, శరీరానికి చేరే పిండి పదార్థం కూడా రెట్టింపవుతుంది. ముడిధాన్యాన్ని సైతం కొలిచి వండుకోవడం, కూరగాయలు, పప్పు వంటివి ముందుగా తిని ధాన్యాన్ని చివరికి ఉంచడం, భోజనం తరువాతి చక్కెర పెరుగుదలను కొంత అదుపులో ఉంచుతాయి.

‘మల్టీగ్రెయిన్’ అని రాసిన పొట్లాలను చూసినప్పుడు నాకు కొంచెం చిరాకు కలుగుతుంది. దాని అర్థం అందులో పలు ధాన్యాలు ఉన్నాయని మాత్రమే, అవి ముడివేనని కాదు. పదార్థాల జాబితాలో మొదటి పేరు ఏమిటో, మొత్తం పిండి పదార్థాలు, పీచు ఎంతెంతో చూడడం మేలు.

ఒకే ధాన్యం ఇద్దరిలో ఒకేలా పనిచేయదు. అందుకే కొత్త ధాన్యం మొదలుపెట్టినప్పుడు భోజనానికి ముందు, భోజనం మొదలుపెట్టిన రెండు గంటల తరువాత గ్లూకోమీటర్‌తో చూసుకుంటే, ఏ పట్టికా చెప్పలేని సమాధానం దొరుకుతుంది. ఇన్సులిన్ గాని, శరీరంలో ఇన్సులిన్ విడుదలను పెంచే సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు గాని వాడుతున్నవారు ధాన్యం పరిమాణాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, మోతాదు గురించి ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి.