ఎడమ చెంపకు ముప్పై ట్రిప్పులు

గడ్డం గీసుకుంటుంటే ఎడమ చెవి కింద గోలీ అంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. దగ్గర్లోని డాక్టరు గవదబిళ్ళలని మాత్రలిచ్చాడు. 58 ఏళ్లకు గవదబిళ్ళలేమిటని నేనూ అడగలేదు. నాలుగు నెలలు అలా పోయాయి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హైదరాబాద్‌లో సూది పరీక్ష చేసి, లాలాజల గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథిలోంచే పోతుందట, దాన్ని కాపాడారు. తర్వాత రేడియేషన్: రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత అది) చొప్పున 30 రోజులు. శని, ఆదివారాలు సెలవు.

రెండు రకాల కిరణాలు కలిపి ఇస్తామనగానే టెన్షన్ పట్టుకుంది, రోగం అంత ముదిరిందా అని. "అదేం లేదంకుల్" అని ఫిజిసిస్ట్ అమ్మాయి బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి, నాకు బస్సుల్లెక్కనే బుర్రకెక్కింది. ఎలక్ట్రాన్లు పల్లెవెలుగు ప్రయాణికులు. నాకు పెట్టినవి 12 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తివి. ఇంచుమించు అందరూ 6 సెంటీమీటర్లలోపే దిగిపోతారు. ఫోటాన్లు, అంటే ఎక్స్‌రే కిరణాలు, వాటిది దూరపు సర్వీసు. దారిపొడవునా కొందరు దిగుతారు, మిగతావాళ్లు కుడి చెంప దాటి బయటికి పోతారు. ఒట్టి ఎలక్ట్రాన్లయితే చర్మం బాగా కమిలిపోతుంది, ఎముక అడ్డొచ్చినచోట లోతు లెక్క తప్పుతుంది. ఒట్టి ఫోటాన్లే ఎడమ నుంచి తిన్నగా కొడితే, బాగున్న కుడి గ్రంథికీ దెబ్బ. అందుకని చెరికొంత.

మెషీన్ మాత్రం ఒక్కటే! ఎలక్ట్రాన్లను టంగ్‌స్టన్ ముక్క మీద కొట్టిస్తే ఫోటాన్లు పుడతాయి. ఆ ముక్కను తప్పిస్తే ఎలక్ట్రాన్లే వస్తాయి.

ముఖానికి ప్లాస్టిక్ మాస్కు బిగించేవాళ్లు. ముందు ఫోటాన్లు. తర్వాత ఎలక్ట్రాన్ల కోసం టెక్నీషియన్ వచ్చి చెంప దగ్గరికి డబ్బాలాంటి కోన్ తగిలించి వెళ్లేవాడు. ఏమీ తెలిసేది కాదు, మాస్కు లోపల ముక్కు దురద తప్ప.

నాలుగో వారానికి చెవి వెనక చర్మం నల్లబడి ఊడింది. పచ్చడి మెతుకులు మట్టిలా ఉండేవి. మా ఆవిడ రోజూ పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది. రుచి తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. నోరు ఎడమవైపు ఇంకా ఎండుతుంది, కుడివైపు తడి ఉంది కాబట్టి అటే నములుతాను.

ఎడమ చెంప మీద గడ్డం మళ్లీ రాలేదు. మొన్న మంగలి షాపులో వంద నోటు ఇస్తే సగం తిరిగిచ్చాడు.

"నీకు హాఫ్ టికెట్టేనే, అన్నా."